మొదటి పది నిమిషాలే గండం: మెక్ఆర్డిల్ జబ్బు, వ్యాయామం

నడక మొదలుపెట్టిన రెండు మూడు నిమిషాలకే పిక్కలు రాయిలా బిగుసుకుపోతాయి, గుండె దడదడలాడుతుంది. కాసేపు నిలబడి మళ్లీ మెల్లగా నడిస్తే, ఇందాకటి మనిషి ఈ మనిషేనా అన్నట్టు గంటసేపు హాయిగా నడుస్తారు. మెక్ఆర్డిల్ జబ్బు ఉన్నవారికి ఇది రోజూ ఎదురయ్యేదే. చాలా అరుదైన కండరాల జబ్బు కావడంతో దీనిమీద సరైన సలహా దొరకడం కష్టం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనిమీద వచ్చిన ప్రశ్నలకే కేటాయించాం.

ప్రశ్న: నా వయసు 26. మెక్ఆర్డిల్ జబ్బని జన్యుపరీక్షలో తేలింది. ఒక డాక్టరుగారు ఒళ్లు అలవకుండా చూసుకోమని, వ్యాయామం జోలికే పోవద్దని అన్నారు. ఇంకొకరు రోజూ నడవమన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: నడవమన్నవారి మాట వినండి. కాకపోతే ఎలా నడవాలో కూడా ఆయన చెప్పి ఉండాల్సింది. ఆ వివరం లేకపోతే రెండో సలహా కూడా మొదటిదంత ప్రమాదమే.

ముందు లోపల జరిగేది తెలుసుకోండి. కండరం తన అవసరానికి గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని నిల్వ చేసుకుంటుంది. గబుక్కున పని పడినప్పుడు ఆ నిల్వను విడగొట్టి శక్తిగా వాడుకుంటుంది. విడగొట్టే ఎంజైము పేరు మయోఫాస్ఫోరిలేజ్. 11వ క్రోమోజోము మీదున్న పీవైజీఎం అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటే ఈ ఎంజైము తయారు కాదు. కండరం నిండా గ్లైకోజెన్ ఉన్నా రవ్వంత కూడా అక్కరకు రాదు. బ్రయాన్ మెక్ఆర్డిల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1951లో ఈ జబ్బును మొదటిసారి వర్ణించారు. ఎంజైము లోపమే కారణమని 1959లో తేలింది. కాలేయానికి ఈ ఎంజైములోనే వేరే రకం ఉంది, అది మీలో బాగానే పనిచేస్తుంది. అందుకే మీకు రక్తంలో చక్కెర పడిపోదు. గుండె కూడా మామూలుగా ఈ లోపానికి లోనుకాదు.

నిల్వ అందకపోతే కండరానికి మిగిలే దారులు మూడు. క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ శక్తి ఒకటి, పూర్తి బలంతో పనిచేస్తే అది పది సెకన్లకు మించి రాదు. మిగతావి రక్తంలో వచ్చే గ్లూకోజు, కొవ్వు ఆమ్లాలు. ఈ రెండూ కండరానికి తగినంతగా చేరడానికి ఆరు నుంచి పది నిమిషాలు పడుతుంది. మీ ఇబ్బందంతా ఆ మధ్యకాలంలోనే. అది దాటాక శ్రమ తేలికవుతుంది. దీన్నే సెకండ్ విండ్ అంటారు.

ఇప్పుడు విశ్రాంతి ఎందుకు చెడు చేస్తుందో చూడండి. రక్తంలో వచ్చే ఇంధనం మండాలంటే ఆక్సిజన్ కావాలి. దాన్ని మోసుకొచ్చే రక్తప్రసరణ, దాన్ని వాడుకుని శక్తి తయారుచేసే కణభాగాలైన మైటోకాండ్రియా రెండూ బలంగా ఉండాలి. కూర్చునే ఉంటే ఇవి రెండూ తగ్గిపోతాయి. గ్లైకోజెన్ దారి ఎలాగూ మూసుకుపోయింది, రెండో దారి కూడా ఇరుకైపోతుంది. నిరుడు రెండంతస్తులు ఎక్కినవారు ఈ ఏడు ఒక అంతస్తుకే ఆగిపోతే, జబ్బు ముదిరిందనుకుంటారు. చాలాసార్లు తగ్గింది ఒంటి సత్తా మాత్రమే. 2006లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో 8 మంది రోగులు 14 వారాల పాటు, వారానికి 4 రోజులు, రోజుకు 30–40 నిమిషాలు కదలని సైకిలు తొక్కారు. వారి పనిసామర్థ్యం సగటున మూడోవంతుకు పైగా పెరిగింది. ఎవరికీ హాని జరగలేదు. ఎంజైము తిరిగి రాలేదు, కానీ ఉన్న దారి వెడల్పయింది.

ప్రశ్న: సెకండ్ విండ్ గురించి చదివాను. కానీ నేను నడిచినప్పుడు ఎప్పుడూ అది రాలేదు. మూడో నిమిషానికే కాళ్లు పట్టేసి ఇంటికి వచ్చేస్తాను. నాలో అది లేదేమో?

జవాబు: నిర్ధారణ సరైనదైతే అది మీలో ఉండే ఉంటుంది. మీరు అక్కడిదాకా వెళ్లడం లేదంతే. మూడో నిమిషంలో ఆగి ఇంటికి వస్తున్నారు, అది వచ్చేది ఆరో నిమిషం తర్వాత. అక్కడిదాకా కండరం దెబ్బతినకుండా చేరుకోవడం ఒక నేర్పు, అభ్యాసంతో వస్తుంది.

చదునైన చోటు ఎంచుకోండి. మొదటి పది నిమిషాల దారిలో ఎత్తు, ఇసుక, బురద, ఎదురుగాలి ఏవీ లేకుండా చూసుకోండి. కంటికి ఆనని చిన్న ఎత్తు కూడా ఈ దశలో తొడలకు బాగా తెలుస్తుంది. వ్యాయామశాలలో ట్రెడ్‌మిల్ అయితే వాలు సున్నా. పరగడుపున బయల్దేరకండి.

మొదటి రెండు నిమిషాలు మీకు అనవసరం అనిపించేంత నెమ్మదిగా నడవాలి. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. మొదటి నిమిషంలో క్రియాటిన్ ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి ఒళ్లు తేలిగ్గానే ఉంటుంది, అడుగు తెలియకుండానే వేగమవుతుంది. రెండో నిమిషానికి ఆ శక్తి అయిపోతుంది, మీ వేగం మాత్రం అలాగే ఉంటుంది.

రెండు నుంచి ఆరో నిమిషం వరకు నొప్పిని సున్నా నుంచి పది వరకు లెక్కలో మనసులో కొలుచుకుంటూ ఉండండి. మూడుకు రాగానే అడుగు తగ్గించండి. తగ్గించినా నాలుగుకు చేరితే నిలబడిపోండి. అరనిమిషం నుంచి రెండు నిమిషాల్లో బిగువు వదులుతుంది, వదలగానే మళ్లీ కదలండి. నిలబడ్డప్పుడు కాళ్లు వదులుగా ఆడిస్తూ ఉండండి, కూలబడి కూర్చోవద్దు. కదలిక పూర్తిగా ఆగిపోతే కొవ్వు ఆమ్లాల రాక కూడా మందగించి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మొదటి పది నిమిషాల్లో మూడు నాలుగుసార్లు ఆగడం ఓటమి కాదు, అదే పద్ధతి.

నాడి మీకు మంచి గుర్తు. చేతి గడియారంలో గుండె వేగం చూపించేది ఉంటే వాడుకోండి. ఈ జబ్బులో తేలికపాటి శ్రమకే నాడి ఎగబాకుతుంది. ఒకే బరువు మీద సైకిలు తొక్కించి చూసినప్పుడు ఏడో నిమిషం ప్రాంతంలో 140–150 దాకా వెళ్లిన నాడి, పదిహేనో నిమిషానికి 120 దగ్గరకు దిగడం గమనించారు. వేగం మార్చకుండానే నాడి దిగుతోందంటే, శ్వాస కుదుటపడుతోందంటే, అడుగు దానంతటది పడుతోందంటే మీకు సెకండ్ విండ్ అందినట్టే.

అందగానే పరుగందుకోకండి. ఇప్పుడు మామూలు వేగంతో నడవవచ్చు, చిన్న ఎత్తులు ఎక్కవచ్చు. కానీ గ్లైకోజెన్ దారి ఇప్పటికీ మూతపడే ఉంది. నిటారు ఎత్తు గానీ గబగబా పరుగు గానీ వస్తే మళ్లీ అదే బిగువు వస్తుంది. కొత్త ఎత్తు రాగానే మళ్లీ ఒకటి రెండు నిమిషాలు తగ్గించి ఎక్కండి. మధ్యలో అరగంటకు మించి కూర్చుంటే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలనే లెక్కలో ఉండండి.

తోడు వచ్చేవారికి ఇవన్నీ ముందే చెప్పండి. పక్కవారి వేగానికి మొహమాటపడి నడవడమే మీ ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన పొరపాటు. మాట్లాడుతూ నడిచేటప్పుడు మనకు తెలియకుండానే ఎదుటివారి అడుగుతో అడుగు కలుపుతాం. మొదటి పది నిమిషాలు మీరు ముందు నడవండి, వారిని మీ వెనక రమ్మనండి.

మొదట వారానికి 3 రోజులు, రోజుకు 15 నిమిషాలు చాలు. అందులో పది నిమిషాలు ఈ ప్రవేశదశకే పోతాయి, పోనివ్వండి. వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుతూ 30–40 నిమిషాలకు, వారానికి 4–5 రోజులకు చేరండి. స్థిరపడ్డాక గరిష్ఠ నాడిలో 60–70 శాతం దగ్గర ఉండేలా చూసుకోండి. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ నాడి అంచనాగా వస్తుంది. 30 ఏళ్లవారికి 190, అంటే పని జరగాల్సింది 114–133 మధ్య. సైకిలైతే బరువు తక్కువ పెట్టి, సీటు మీదే కూర్చుని తొక్కండి. పెడళ్ల మీద లేచి నిలబడితే ఒళ్లు బరువంతా తొడల మీద పడి క్షణాల్లో పట్టేస్తాయి.

ప్రశ్న: వ్యాయామానికి ముందు చక్కెర నీళ్లు తాగితే నొప్పి రాదని విన్నాను. నిజమా? రోజూ తాగవచ్చా?

జవాబు: నిజమే, పరీక్షించి చూసిన విషయమే. 37 గ్రాముల పంచదార, అంటే సుమారు తొమ్మిది చెంచాలు, నీళ్లలో కలిపి శ్రమకు 5 నిమిషాల ముందు తాగితే మొదటి పావుగంట బాగా తేలికవుతుంది. కారణం సులువే: సెకండ్ విండ్ దశలో రక్తం ద్వారా రావాల్సిన గ్లూకోజు ముందే వచ్చి చేరుతుంది. అంతకుముందు 75 గ్రాములు 30–40 నిమిషాల ముందు ఇచ్చి చూశారు. అదీ పనిచేసింది, కానీ చక్కెర రెట్టింపు. అందుకే తక్కువ మోతాదు, దగ్గరి సమయం మేలు.

సమయం తప్పితే లాభం తగ్గుతుంది. చాలా ముందుగా తాగేస్తే ఇన్సులిన్ పెరిగి కొవ్వు ఆమ్లాల విడుదలను అణచివేస్తుంది, మీకు కావలసిన రెండో ఇంధనం తగ్గిపోతుంది. బయల్దేరేముందు సీసాలో కలిపి ఉంచుకుని, పని మొదలయ్యేచోట తాగండి.

రోజూ మాత్రం వద్దు. 37 గ్రాములంటే దాదాపు 150 కేలరీలు. నడకకు ముందు ప్రతిరోజూ తాగితే ఆ నడకలో ఖర్చయిన కేలరీలు చాలావరకు తిరిగి వచ్చేస్తాయి. ఈ జబ్బులో పెరిగిన ప్రతి కిలో బరువూ కండరం మొయ్యాల్సిందే. తప్పనిసరి సందర్భాలకు దాచుకోండి: ఎక్కక తప్పని మెట్లు, ఇల్లు మారడం, ఆస్పత్రిలో శ్రమతో కూడిన పరీక్ష. మధుమేహం ఉన్నవారు, పళ్లు పుచ్చినవారు తమ డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. పిల్లలకు ఈ కొలత వర్తించదు, వారి బరువును బట్టి వైద్యులే చెప్పాలి.

చక్కెర తాగాం కదా అని మొదటి పది నిమిషాల నెమ్మది మానేయవద్దు. నొప్పి తగ్గితే మనిషి తొందరపడతాడు, పట్టివేతలు అక్కడే వస్తాయి.

ప్రశ్న: జిమ్‌లో చేరాను. ట్రైనర్ ప్లాంక్, గోడ కుర్చీ, బరువులు చేయిస్తున్నారు. మొదట్లో నొప్పి సహజమే, భరిస్తే పోతుందంటున్నారు.

జవాబు: ప్లాంక్, గోడ కుర్చీ ఈ రోజే ఆపేయండి. నొప్పి భరించమన్న మాట ఆరోగ్యవంతుల కండరానికి ఎంతవరకు చెల్లుతుందో గానీ, మీకు మాత్రం చెల్లదు. మీ నొప్పి శక్తి అయిపోయిందని కండరం చెప్పే మాట. ఆపకపోతే కండరం బిగుసుకుని కొంకర్లు పోతుంది. ఆ తర్వాత కణాలు పగిలి లోపలి పదార్థం రక్తంలోకి కారుతుంది.

కదలకుండా బిగపట్టే వ్యాయామాల్లో చిక్కు ఏమిటంటే, బిగిసిన కండరం తన రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. రక్తం ద్వారా వచ్చే ఇంధనం మీద బతికే కండరానికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఇక సెకండ్ విండ్ వచ్చే వీలే లేదు. ఎంతసేపు పట్టుకున్నా నొప్పి పెరగడమే. పూర్తి బలంతో చేసే పని ఏదైనా ఆరు సెకన్లకు మించనివ్వవద్దని ఈ జబ్బు ఉన్నవారు ఒకరికొకరు చెప్పుకునే నియమం ఉంది, అది గట్టి నియమం.

ఇంట్లో కూడా ఇలాంటి పనులు చాలా ఉన్నాయి, అవి వ్యాయామంలా కనిపించవు కాబట్టి జాగ్రత్తపడం. బరువైన సంచి చేత్తో పట్టుకుని నడవడం, తడిబట్టలు గట్టిగా పిండటం, చేతులు పైకెత్తి బల్బు బిగించడం, గొంతుక్కూర్చుని పని చేయడం, ఆగిపోయిన బండిని తోయడం. సంచి వీపుకు తగిలించుకోండి, చక్రాల పెట్టె వాడండి. చేత్తోనే పట్టుకోవాల్సివస్తే కొద్ది సెకన్లకోసారి చేయి మార్చండి, దించండి. ఆగిపోయిన బండిని తోయడానికి ఇంకొకరిని పిలవండి. దీంట్లో మొహమాటం వద్దు. మెట్లెక్కాల్సి ఉంటే ముందు కింద చదునుగా పది నిమిషాలు నడిచి, తర్వాత ఎక్కండి. మధ్య చదును దగ్గర ఆగండి.

బరువులు పూర్తిగా మానక్కర్లేదు. ఈ జబ్బు తెలిసిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో తేలికపాటి, మధ్యస్థ బరువులతో పెద్దవారు క్షేమంగా బలం పెంచుకున్నారు. పద్ధతి ఇది. ముందు నడకతోనో సైకిలుతోనో సెకండ్ విండ్ అందుకోవాలి. బరువు కదులుతూ ఉండాలి, పైన పట్టుకుని నిలపకూడదు. నాలుగైదుసార్లు ఎత్తి, నొప్పి మొదలవక ముందే దించేయాలి. తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఈ విరామంలోనే క్రియాటిన్ ఫాస్ఫేట్ తిరిగి నిండుతుంది, కాబట్టి ఈ ఆగడం వ్యాయామంలో భాగమే. ట్రైనర్ తొందరపెడితే ఇదే కారణం చెప్పండి. ఒకేరోజు ఒకే కండరానికి మూడు నాలుగు రకాలు చేయించవద్దు. కొత్త కసరత్తు మొదలుపెట్టినప్పుడు సగం చేసి ఆగి, రెండు రోజులు చూసి పెంచండి. కండరం ఎంత దెబ్బతిన్నదో అప్పటికప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది.

ప్రశ్న: బస్సు అందుకోవడానికి పరుగెత్తాను. సాయంత్రానికి తొడలు వాచాయి, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. మర్నాటికి రంగు తేలికైంది కదా అని ఊరుకున్నాను. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. ఈసారి గట్టెక్కారు. మళ్లీ వస్తే ఊరుకోవద్దు.

ఆ రంగు మయోగ్లోబిన్‌ది. కండరకణాలు పగిలినప్పుడు బయటపడి, రక్తం ద్వారా మూత్రపిండాలకు చేరి, అక్కడి సన్నని గొట్టాలను దెబ్బతీస్తుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. దాంతోపాటు పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది. అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. ఈ రెండోది పైకి కనిపించదు, నొప్పి పెట్టదు. అందుకే రంగు చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదు.

మూత్రం ముదురు గోధుమరంగుకు తిరిగితే అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి. వెళ్లేదాకా నీళ్లు తాగుతూ ఉండండి. నొప్పికి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు, అవి మూత్రపిండాల మీద ఇంకో దెబ్బ. పట్టేసిన కండరాన్ని గట్టిగా మర్దన చేయించవద్దు. వీలైన సులువైన భంగిమలో వదిలేసి, మెల్లగా చాచండి.

అక్కడి డాక్టరు ఈ జబ్బును ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఒక కాగితం రాసి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి: జబ్బు పేరు, పట్టివేత వల్ల రాబ్డోమయోలిసిస్ వచ్చే అవకాశం, మీకు మామూలుగా ఉండే సీకే అంకె. ఈ చివరిది చాలా ముఖ్యం. సీకే అంటే కండరంలోంచి రక్తంలోకి కారే ఎంజైము. ఆరోగ్యవంతుల్లో 200 యూనిట్ల లోపు ఉంటే, మీ జబ్బులో ఏమీ చేయకుండానే వెయ్యి దాటి ఉండటం మామూలే. మీ మామూలు అంకె తెలిస్తేనే ఈ రోజు పెరిగిందో లేదో చెప్పగలరు. పెద్ద దాడిలో అది పదివేలల్లోకి వెళుతుంది. సీకే, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించమని అడగండి. సెలైన్ ఎక్కించి, మూత్రం ఎంత వస్తోందో కొలుస్తారు. సీకే మొదటి రోజే గరిష్ఠానికి చేరదు, కాబట్టి మర్నాడు మళ్లీ చూడాలి.

ఒక కాలో చేయో బాగా ఉబ్బి, చర్మం బిగిసి, తిమ్మిరి పట్టి, వేళ్లు కదిపితే భరించలేని నొప్పి ఉంటే అది మరో అత్యవసరం. కండరం చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగుతోందన్నమాట. గంటల్లో శస్త్రచికిత్స కావాల్సి రావచ్చు.

దాడి తర్వాత వ్యాయామం ఎప్పుడు? సీకే మీ మామూలు అంకె దగ్గరికి దిగాక, మూత్రం తేటపడ్డాక, నొప్పి పోయాక. అప్పుడు కూడా 15 నిమిషాల దగ్గరనుంచే మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయికి 9 ఏళ్లు. ఇదే జబ్బు. బడిలో ఆటల పీరియడ్‌లో వెనకబడిపోతాడు. పూర్తిగా ఆటలు మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దమ్మా. చిన్నప్పటినుంచి ఒంటి సత్తా పెంచుకున్న పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ పని చేసుకోగలుగుతారు. అదీగాక, ఆటల పీరియడ్‌లో బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు నేర్చుకునేది తాను చేతకానివాడినని మాత్రమే. ఈ జబ్బు ఉన్న పెద్దవారిలో చాలామంది చిన్నప్పుడు బద్ధకస్తులని మాటలు పడ్డవారే. నిర్ధారణ కావడానికి దశాబ్దాలు పట్టింది. మీవాడికి తొమ్మిదేళ్లకే పేరు తెలిసింది, అదృష్టం.

బడికి రాసే ఉత్తరంలో జబ్బు వివరాలకన్నా చేయాల్సినవి రాయండి. ఆట మొదలయ్యే పది నిమిషాల ముందు మైదానం చుట్టూ మెల్లగా నడవనివ్వాలి. వాడు ఆగుతానంటే కారణం అడగకుండా ఆగనివ్వాలి, తేరుకున్నాక మళ్లీ రమ్మనాలి. పందెం పరుగు, తాడులాగుడు, గుంజీళ్లు, గోడ కుర్చీ చేయించకూడదు. శిక్షగా పరుగెత్తించడం, చేతులెత్తి నిలబెట్టడం అసలే కూడదు. మూత్రం ముదురు రంగులో వచ్చిందని వాడు చెబితే వెంటనే ఇంటికి ఫోన్ చేయాలి. ఈ చివరిది మీరు వాడికి కూడా విడిగా నేర్పాలి. ఆ వయసు పిల్లలు అలాంటి మాట మాస్టారికి చెప్పడానికి సిగ్గుపడతారు.

అనువైన ఆటలు: వేగం తన చేతిలో ఉండేవి. ఈత మంచిది, అయితే చల్లని నీటిలో వణుకు వచ్చేదాకా ఉండనివ్వద్దు, వణుకు కూడా కండరానికి శ్రమే. లోతులో పట్టేస్తే మునిగే ప్రమాదం, కాబట్టి గట్టు పక్కన, పెద్దవారి కళ్లెదుట ఈదాలి. చదునులో సైకిలు మంచిది.

ప్రశ్న: నాకు కండరాల్లో శక్తి తయారీకి సంబంధించిన జబ్బని చెప్పారు, ఏదో ఇంకా తేల్చలేదు. మెక్ఆర్డిల్‌కు చెప్పే పద్ధతులే పాటించవచ్చా?

జవాబు: తేలేదాకా చక్కెర పద్ధతి పాటించవద్దు. పైకి ఒకేలా కనిపించే జబ్బుల్లో సలహా తలకిందులవుతుంది. తరుయి జబ్బులో లోపం గ్లూకోజు వాడుకునే దారిలోనే ఉంది. చక్కెర తాగితే కొవ్వు ఆమ్లాలు తగ్గి, ఉన్న ఒక్క ఇంధనం కూడా పోయి మనిషి ఇంకా త్వరగా అలిసిపోతాడు. సీపీటీ2 లోపం ఉంటే కండరం కొవ్వు ఆమ్లాలను సరిగా వాడుకోలేదు. వీరు తక్కువసేపు గట్టి పని బాగానే చేస్తారు. గంటలకొద్దీ నడిచినప్పుడు, ఉపవాసం ఉన్నప్పుడు, జ్వరంలో, చలిలో దాడి వస్తుంది. వారికి సెకండ్ విండ్ ఉండదు, దాడుల మధ్య సీకే మామూలుగా ఉంటుంది. వారికి తిండి మానకుండా ఉండటమే ముఖ్యం.

డాక్టరుగారికి మీరు ఇవ్వగలిగిన మంచి ఆధారం సమయం. నొప్పి ఎన్నో నిమిషంలో మొదలైంది, ఆగి మళ్లీ నడిస్తే తగ్గిందా పెరిగిందా, ఆరోజు ఏం తిన్నారు, మూత్రం రంగు ఏమిటి అన్నది రాసిపెట్టుకోండి. ముంజేతి వ్యాయామ పరీక్షలో పిడికిలి బిగించి వదిలిస్తూ రక్తం తీస్తారు. మెక్ఆర్డిల్‌లో లాక్టేట్ పెరగదు, అమోనియా పెరుగుతుంది. చేతికి రక్తప్రసరణ ఆపి చేసే పాత పద్ధతి వద్దనండి, పట్టివేత రావచ్చు. ఆపకుండా చేసినా ఫలితం తెలుస్తుంది. చివరకు జన్యుపరీక్ష తేలుస్తుంది, కండరం ముక్క తీయాల్సిన అవసరం ఇప్పుడు చాలామందికి లేదు.

మరికొన్ని, క్లుప్తంగా

కాలేయ పరీక్షలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎక్కువ వచ్చాయని మందులు రాశారన్న పాఠకులకు: ఆ రెండు ఎంజైములూ కండరంలో కూడా ఉంటాయి. సీకే ఎక్కువగా ఉండి, కండరంలోంచి రాని జీజీటీ అనే కాలేయ ఎంజైము మామూలుగా ఉంటే మూలం కండరమే కావచ్చు. కాలేయ నిపుణుడికి ఈ మాట చెప్పండి.

క్రియాటిన్ పొడి వేసుకోవచ్చా అని అడిగినవారికి: కిలో బరువుకు రోజుకు 60 మిల్లీగ్రాముల చొప్పున కొందరికి కొంచెం మేలు కనిపించింది. 150 మిల్లీగ్రాములకు పెంచినప్పుడు నొప్పులు ఎక్కువయ్యాయి. డబ్బా మీద రాసిన కొలత మీ జబ్బును చూసి రాసింది కాదు. డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

కొలెస్టరాల్‌కు స్టాటిన్ రాసిచ్చారన్నవారికి: తప్పనిసరైతే వాడవచ్చు. మొదలుపెట్టక ముందు, తర్వాత సీకే చూడాలి. కొత్తగా నొప్పులు వస్తే వెంటనే చెప్పాలి.

శస్త్రచికిత్స ఉన్నవారికి: మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. రక్తప్రసరణ ఆపడానికి చేతికి, కాలికి కట్టే టూర్నికే అనే పట్టీ, వణుకు, మాటిమాటికీ బిగిసే రక్తపోటు పట్టీ, సక్సామెథోనియం అనే కండరాలను వదులుచేసే మందు, ఇవన్నీ వారు వీలైనంత తప్పించాల్సినవి.

భోజనం మొదట్లో దవడలు పట్టేస్తున్నాయి, ఇదీ అదేనా అని అడిగిన పాఠకురాలికి: అదేనండి. నమలడం కూడా కండరం పనే, దానికీ మొదటి నిమిషాలు ఉన్నాయి. మెత్తటివి ముందు తినండి, మొదటి నాలుగు ముద్దలు మెల్లగా నమిలి, అర నిమిషం ఆగి, తర్వాత గట్టివాటికి వెళ్లండి.